మెంటార్ ఉన్నారు సరే, వాళ్లకు టైమ్ ఉందా?

హైదరాబాద్‌లోని చాలా ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరిన గ్రాడ్యుయేట్‌కు మొదటి వారంలో వచ్చే మెయిళ్లలో ఒకటి మెంటార్ గురించి, అంటే పని నేర్చుకోవడంలో తోడుండే సీనియర్ గురించి ఉంటుంది. కొన్నిచోట్ల మెంటార్ అంటారు, కొన్నిచోట్ల బడ్డీ అంటారు. పేరు, టీమ్, ఫోన్ నంబర్ అందులో ఉంటాయి. ఏ సందేహమున్నా మొహమాటపడకుండా అడగమని ఒక వాక్యం కూడా ఉంటుంది. చేరిన కుర్రాడో అమ్మాయో నిజంగా అడగగలరా, అడిగితే జవాబు చెప్పే తీరిక అవతలి మనిషికి ఉంటుందా అన్నది ఆ మెయిల్ తేల్చే విషయం కాదు. ఉద్యోగంలో మొదటి రెండేళ్ల తృప్తి గురించి మాట్లాడేటప్పుడు జీతం, ప్రాజెక్టు, టెక్నాలజీ, షిఫ్టు అని అందరూ లెక్కలు వేస్తారు. మెంటార్‌కు ఈ పని కోసం వారానికి ఎన్ని గంటలు ఇచ్చారన్న లెక్క దాదాపు ఎక్కడా కనిపించదు. కొత్తవాళ్ల అసంతృప్తిలో పెద్ద భాగం ఆ కనిపించని లెక్క దగ్గరే మొదలవుతుంది.

క్లాసులో కూర్చోబెట్టి నేర్పడంలో మన ఐటీ రంగానికి లోటేమీ లేదు. ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో, టీసీఎస్ తిరువనంతపురం కేంద్రంలో వేలాది ఫ్రెషర్లు ట్రైనింగ్ తీసుకుని వచ్చారు. అక్కడ సిలబస్ ఉంటుంది, పరీక్ష ఉంటుంది, తప్పు చేస్తే సరైన జవాబేదో చెప్పేవాళ్లుంటారు. ఒక రకంగా అది కాలేజీకి కొనసాగింపే. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, కొన్ని వారాలో నెలలో గడిచాక ప్రాజెక్టులో పడితే చేతికొచ్చేది ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్. డాక్యుమెంట్లు సగమే ఉంటాయి, ఉన్నవి కూడా పాతవి. సిస్టమ్‌లు వాడటానికి కావాల్సిన అనుమతులు (యాక్సెస్‌లు) రావడానికే రోజులు పడుతుంది. క్లయింట్ వాడే పొట్టి మాటలకు అర్థమేమిటి, ఏ ఫైల్ జోలికి పోకూడదు, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో, అంటే క్లయింట్ నిజంగా వాడుతున్న సిస్టమ్‌లో, మార్పులు చేయడానికి సీనియర్లు ఎందుకు జంకుతారు వంటి సంగతులు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. పక్కనున్న మనిషి చెబితేనే తెలుస్తాయి.

దీనికితోడు మనసులో వచ్చే హెచ్చుతగ్గులు ఉన్నాయి. అమెరికా పరిశోధకురాలు వెండీ బాస్‌వెల్, ఆమె సహచరులు 2005లోనూ, మళ్లీ 2009లోనూ చేసిన అధ్యయనాల్లో ఒక తీరు కనిపించింది. కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు తృప్తి పెరుగుతుంది, కొంతకాలానికి దిగిపోతుంది. మొదటి నెలల ఉత్సాహం ఉద్యోగాన్ని చూసి వచ్చింది కాదు, ఉద్యోగం వచ్చిందన్న సంతోషంతో వచ్చింది. రోజువారీ పని మొదలయ్యాక అది తగ్గడం సహజం. మన ఫ్రెషర్ల విషయంలో ఈ దిగుడు ఇంకా పదునుగా ఉండే అవకాశముంది. 2022 బ్యాచ్‌లో చాలామంది ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు, కొందరికి ఏడాది కూడా దాటింది. ఇంట్లో వాళ్లకు, చుట్టాలకు జవాబు చెప్పుకుంటూ అంత కాలం గడిపి చేరిన మనిషికి ప్రాజెక్టులో మొదటి మూడు నెలలూ ఏమీ అర్థం కాకపోతే తనలోనే లోపముందని అనుకోవడానికి ఎంతో సేపు పట్టదు. ఆ సమయంలో 'నాకూ మొదట్లో ఇదేం అర్థం కాలేదు, ఆరు నెలలు పట్టింది' అని ఒక సీనియర్ చెప్పే మాటకు చాలా విలువ ఉంటుంది.

మెంటారింగ్ మీద ఆధునిక పరిశోధనకు బాట వేసిన వ్యక్తి బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథీ క్రామ్. మెంటార్ చేసే మేలు రెండు పాయలుగా ఉంటుందని 1980లలో ఆమె వివరించారు. ఒకటి వృత్తిలో ఎదగడానికి చేసే సాయం. పని నేర్పడం, మంచి పని ఇప్పించడం, పెద్దవాళ్ల కంట్లో పడేలా చూడటం, తప్పు జరిగినప్పుడు అడ్డం నిలబడటం ఇందులోకి వస్తాయి. రెండోది మనసుకు ఇచ్చే ఆసరా. వినడం, ధైర్యం చెప్పడం, ఇలా ఉండొచ్చని తన నడవడితో చూపించడం, స్నేహంగా ఉండటం. హైదరాబాద్ ఆఫీసులోకి తెచ్చి చూస్తే, క్లయింట్ కాల్‌లో ఫ్రెషర్‌తోనే తను చేసిన చిన్న మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లో ఒక భాగం) డెమో ఇప్పించే టీమ్ లీడ్ మొదటి రకం సాయం చేస్తున్నట్టు. కోడ్‌లో తప్పు వల్ల ప్రోగ్రామ్ తయారవకుండా ఆగిపోయిన (బిల్డ్ పగిలిన) రోజు అందరి ముందూ పేరెత్తకుండా, తర్వాత పక్కకు పిలిచి ఎక్కడ తప్పిందో చూపించే సీనియర్ రెండూ చేస్తున్నట్టు.

దీనివల్ల ఉద్యోగ తృప్తి పెరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఉంది కానీ, హెచ్‌ఆర్ ప్రెజెంటేషన్లలో చెప్పినంత సూటిగా లేదు. ట్యామీ ఆలెన్, లిలియన్ ఈబీ తదితర పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2004లో విశ్లేషించారు. మెంటార్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ జీతం, ప్రమోషన్ల వంటి కొలవగలిగే ఫలితాల్లో తేడా చిన్నదే. ఉద్యోగం మీద, కెరీర్ మీద తృప్తిలో తేడా అంతకంటే స్పష్టంగా ఉంది. అంటే మెంటారింగ్ జేబు కంటే మనసు మీద ఎక్కువ పనిచేస్తుంది. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. చురుగ్గా, చొరవగా ఉండేవాళ్లను సీనియర్లు తామే దగ్గరకు తీస్తారని 2009లో వచ్చిన మరో అధ్యయనం చూపించింది. అలాంటివాళ్లకు మెంటార్ దొరికాడు కాబట్టి తృప్తి వచ్చిందా, తృప్తిగా చలాకీగా ఉన్నారు కాబట్టి మెంటార్ దొరికాడా అని విడదీయడం కష్టం.

అన్నింటికంటే మనకు ఎక్కువ పనికొచ్చేది పరిశోధకురాలు బెల్ రోజ్ రాగిన్స్, ఆమె సహచరులు 2000లో ప్రచురించిన ఫలితం. మెంటార్ ఉన్నారా లేదా, కంపెనీ ఇచ్చారా తామే వెతుక్కున్నారా, ప్రోగ్రామ్ ఎంత బాగా రూపొందించారు అన్నవాటి కంటే ఆ సంబంధం ఎంత బాగుందన్నదే ఉద్యోగం పట్ల వైఖరిని ఎక్కువగా నిర్ణయించింది. పేరుకే ఉన్న మెంటార్‌తో అసంతృప్తిగా ఉన్నవాళ్లు మెంటారే లేనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. నూటికి నూరు మందికీ బడ్డీని కేటాయించామని చెప్పుకునే కంపెనీలు ఈ ఒక్క ఫలితం ముందు ఆగి ఆలోచించాలి. కేటాయింపు జరిగినంత మాత్రాన ఫ్రెషర్‌కు ఏమీ అందదు.

మరి సంబంధం ఎందుకు బాగుండదు? మన సీనియర్లకు మనసు లేకా? అనుభవం చూస్తే అలా అనిపించదు. చెప్పాలన్న ఇష్టం చాలామందికి ఉంటుంది. ఐటీ సర్వీసుల వ్యాపారం నడిచే పద్ధతే వాళ్ల చేతులు కట్టేస్తుంది. క్లయింట్ డబ్బు ఇచ్చేది మనిషి పనిచేసిన గంటలకు. నాలుగైదేళ్ల అనుభవమున్న డెవలపర్ గంట బిల్లింగ్‌లో ఉంటుంది. అదే మనిషి ఫ్రెషర్ పక్కన కూర్చుని కోడ్‌లో తప్పులు వెతికి సరిచేయడం (డీబగ్గింగ్) చూపించిన గంటకు క్లయింట్ పైసా ఇవ్వడు. టైమ్‌షీట్‌లో ఆ గంటను దేని కింద రాయాలో కూడా చాలాచోట్ల తెలియదు. రాస్తే మేనేజర్ అడుగుతాడు, రాయకపోతే ఆ గంట జరగనట్టే. స్ప్రింట్‌లో, అంటే రెండు మూడు వారాల పని విడతలో, తనకు అప్పగించిన పనుల (టికెట్ల) సంఖ్య తగ్గదు. ఏటా పనితీరును అంచనా వేసే అప్రైజల్ ఫారంలో 'టీమ్‌కు సహకారం' అని ఒక గడి ఉంటుంది గాని, రేటింగ్ తేల్చేది డెలివరీ, అంటే క్లయింట్‌కు పూర్తి చేసి ఇచ్చిన పని. కాబట్టి నేర్పడం సాయంత్రం ఏడు తర్వాత, క్లయింట్ కాల్ అయిపోయాక, క్యాబ్ వచ్చేలోపు జరగాలి. ఆ వేళకు నేర్పేవాళ్లకూ ఓపిక ఉండదు, నేర్చుకునేవాళ్లకూ బుర్రకెక్కదు.

నేర్పడానికి నిజంగానే ఖర్చవుతుందనడానికి మంచి ఆధారం ఉంది. ఒక పెద్ద అమెరికన్ కంపెనీలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద ఆర్థికవేత్తలు నటాలియా ఎమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలైస్ 2023లో ఒక అధ్యయనం వెలువరించారు. టీమ్ అంతా ఒకే భవనంలో ఉన్నవాళ్లకు, సభ్యులు వేర్వేరు భవనాల్లో ఉన్న టీమ్‌ల వాళ్ల కంటే తాము రాసిన కోడ్ మీద సహోద్యోగుల నుంచి 22 శాతం ఎక్కువ కామెంట్లు వచ్చాయి. 2020లో ఆఫీసులు మూతపడి అందరూ ఇళ్లకు వెళ్లగానే ఆ తేడా చాలా మటుకు పోయింది. లాభపడినవాళ్లలో ఎక్కువమంది చిన్నవాళ్లు, కొత్తవాళ్లు. అదే సమయంలో దగ్గర కూర్చున్న అనుభవజ్ఞులు రాసిన కోడ్ తగ్గింది. ఆ తగ్గుదలను ఎవరో ఒకరు భరించాలి. కంపెనీ భరించనంటే భారం మెంటార్ మీద పడుతుంది. మెంటార్ మోయలేకపోతే నష్టం ఫ్రెషర్‌కు. కొన్ని రోజులు ఇంటి నుంచి, కొన్ని రోజులు ఆఫీసు నుంచి పనిచేసే హైబ్రిడ్ పద్ధతిలో ఫ్రెషర్ మంగళ, బుధవారాలు వచ్చి, మెంటార్ గురు, శుక్రవారాలు వస్తే వాళ్లిద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నట్టు కాగితం మీదే ఉంటుంది.

ఇక్కడ మన సమాజానికి సంబంధించిన ఒక సంగతి చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. 2000ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజినీరింగ్ చదువు ఊళ్లలోకి బాగా వెళ్లింది. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్లుగా గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో అడుగుపెట్టినవాళ్లు వేలల్లో ఉన్నారు. నాన్న కౌలు రైతో, అమ్మ టైలరింగ్ చేసే మనిషో అయితే మేనేజర్ ఎందుకు మౌనంగా ఉన్నాడో, అప్రైజల్ మీటింగ్‌లో ఏం మాట్లాడాలో ఇంట్లో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నగరంలో పెరిగి, ఇంట్లోనో బంధువుల్లోనో ఇద్దరు ముగ్గురు ఐటీ ఉద్యోగులున్న పిల్లలకు ఆ మెంటారింగ్ ఆదివారం భోజనాల దగ్గరే దొరికేస్తుంది. కంపెనీ ఇచ్చే మెంటార్ మొదటి తరం గ్రాడ్యుయేట్‌కు చాలాసార్లు ఉన్న ఒకే ఒక్క నమ్మకమైన దారి. అదీ మూసుకుపోతే ఇద్దరి మధ్య తేడా చదువుతో సంబంధం లేకుండా పెరుగుతూ పోతుంది.

అడగడంలో ఉన్న బెరుకు మరో సమస్య. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ కొలమానంలో అధికార దూరానికి, అంటే పై వాళ్లకూ కింది వాళ్లకూ మధ్య ఎడాన్ని సహజంగా తీసుకునే తీరుకు, భారతదేశానికి 77 పాయింట్లు వస్తే అమెరికాకు 40. పై వాళ్లతో సమానంగా మాట్లాడటం మనకు బడి నుంచీ అలవాటు లేదు. ఆఫీసులో అందరూ పేరు పెట్టి పిలుచుకోవాలని చెప్పినా ఫ్రెషర్ నోటికి 'సార్' అనే వస్తుంది. పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే రోజువారీ చిన్న మీటింగ్‌లో (స్టాండప్‌లో) అడిగితే 'చేస్తున్నా సార్, అవుతుంది' అంటారు. రెండు రోజుల నుంచి ఒకే ఎర్రర్ దగ్గర ఆగిపోయారన్న సంగతి మూడో రోజు బయటపడుతుంది. ఆసుపత్రుల్లో టీమ్‌లను పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు 1990లలో ఒక ఆశ్చర్యకరమైన విషయం కనిపించింది. బాగా పనిచేసే టీమ్‌లలో పొరపాట్లు ఎక్కువగా నమోదవుతున్నాయి. కారణం అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, చెప్పడానికి భయపడకపోవడం. ఫ్రెషర్ విషయంలోనూ అంతే. 'నాకు రావట్లేదు' అన్న మాట మొదటి రోజే వినిపించే టీమ్‌లో పని ముందుకు నడుస్తోందని అనుకోవచ్చు.

అందుకే రేటింగ్ ఇచ్చే మనిషినే మెంటార్‌గా పెట్టడం పెద్ద తప్పు. టీమ్ లీడ్ దగ్గర తెలియదని ఒప్పుకుంటే అది అప్రైజల్‌లో తేలుతుందేమోనన్న భయం సహజం. ఈ చిక్కు తప్పించడానికి కొన్ని కంపెనీలు వేరే యూనిట్‌లోని పెద్ద ఉద్యోగిని మెంటార్‌గా ఇస్తాయి. ఆయనతో నెలకోసారి కాఫీ మీటింగ్ జరుగుతుంది. కెరీర్ గురించి మంచి మాటలు చెబుతారు. ఫ్రెషర్‌ను ఆ పూట వేధిస్తున్న కోడ్ లోపం (డిఫెక్ట్) గురించి ఆయనకేమీ తెలియదు. ఇద్దరు కావాలనిపిస్తుంది. దూరం నుంచి దారి చూపే పెద్ద మనిషి ఒకరు, అదే ప్రాజెక్టులో ఏడాది రెండేళ్లు ముందు చేరిన, రేటింగ్‌తో సంబంధం లేని సీనియర్ ఒకరు. క్రామ్, లిన్ ఇసబెల్లా 1985లోనే సాటి ఉద్యోగుల సంబంధాలు మెంటార్ చేసే పనిని చాలావరకు చేయగలవని చూపించారు. చిన్న ప్రశ్నలకు నిన్నటి ఫ్రెషర్‌ను మించిన గురువు లేడు, ఎందుకంటే తను ఎక్కడ తడబడిందీ ఇంకా గుర్తుంటుంది.

కంపెనీ ఏర్పాటు చేసినా చేయకపోయినా మన ఆఫీసుల్లో మరో మెంటారింగ్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. టీ కొట్టు దగ్గర 'అన్నా, ఆ మేనేజర్ ఎలాంటోడు?' అని మొదలవుతుంది. 'సార్' కాస్తా 'అన్నా', 'అక్కా' అయిన రోజు నుంచి అసలు ప్రశ్నలు బయటకొస్తాయి. తృప్తిని నిజంగా పెంచేది చాలాసార్లు ఇదే. పుణెలోనో బెంగళూరులోనో చేరిన తెలుగు ఫ్రెషర్ కూడా ముందు వెతికేది తెలుగు మాట్లాడే సీనియర్‌నే. ఈ బంధాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఇది అందరికీ అందదు. మన కాలేజీ, మన జిల్లా, ఒక్కోసారి మన కులం అన్న గీతల వెంట ఇది పారుతుంది. రాత్రి ఎనిమిది తర్వాత టీ కొట్టు దగ్గర అరగంట నిలబడటం హాస్టల్ గేటు వేళలు చూసుకోవాల్సిన అమ్మాయికి కుదరదు. పై స్థాయికి వెళ్లేకొద్దీ అక్కలు తగ్గిపోతారు. మగ సీనియర్లలో కొందరు ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని అమ్మాయిలకు విడిగా సమయం ఇవ్వడానికి జంకుతారు. అనధికార మెంటారింగే చాలు, కంపెనీ ఏర్పాటు దండగ అనేవాళ్లు ఈ వరసలో బయట మిగిలిపోయేవాళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు.

మెంటార్ ఎంత మంచివాళ్లయినా మార్చలేనివి కూడా ఉన్నాయి. సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం ఏళ్ల తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే ఉండిపోయింది. ఈలోపు హాస్టల్ అద్దెలు ఆగలేదు. జావా భాషలో ప్రోగ్రామింగ్ నేర్పించి, నడుస్తున్న సిస్టమ్‌ల సమస్యలు చూసే సపోర్ట్ ప్రాజెక్టులో నైట్ షిఫ్టుకు వేస్తే ఆ నిరాశను ధైర్యం మాటలతో పూడ్చలేం. పని తృప్తికి మూలాలేమిటో వివరించిన రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ 1976లో ఐదు అంశాలు చెప్పారు. పనిలో వైవిధ్యం, పని మొదటినుంచి చివరిదాకా మనదన్న భావన, దానివల్ల ఎవరికో ఉపయోగం ఉందన్న ఎరుక, స్వేచ్ఛ, ఎలా చేశామో తెలియడం. ప్రాజెక్టును మెంటార్ మార్చలేరు గాని చివరి మూడింటినీ కదిలించగలరు. ఈ స్క్రీన్‌ను ఏ దేశంలో ఏ నర్సు వాడుతుందో చెప్పగలరు. చిన్న మాడ్యూల్‌ను పూర్తిగా ఫ్రెషర్‌కే అప్పగించి చూడగలరు. రాసిన కోడ్‌ను పరిశీలించేటప్పుడు (కోడ్ రివ్యూలో) 'ఇది మార్చు' అని ఊరుకోకుండా ఎందుకు మార్చాలో రెండు వాక్యాలు రాయగలరు. ఆ రెండు వాక్యాలకు ఐదు నిమిషాలు పడుతుంది. మళ్లీ సమయం దగ్గరికే వచ్చాం.

ఇటీవలి ఏళ్లలో ఇంకో మార్పు వచ్చింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఫ్రెషర్ తన చిన్న సందేహాలన్నీ దాన్నే అడుగుతున్నారు. సీనియర్ సమయం మిగిలింది, ఫ్రెషర్‌కు మొహమాటం తప్పింది. పైకి అంతా లాభమే. కానీ సీనియర్‌కూ జూనియర్‌కూ పరిచయం పెరిగేది ఆ చిన్న సందేహాల వల్లే. కమాండ్ ఏమిటని అడగడానికి వెళ్లిన మనిషి పదిసార్లు వెళ్లాక, పదకొండోసారి 'అన్నా, ఈ ప్రాజెక్టులో ఉంటే నాకు భవిష్యత్తు ఉంటుందా?' అని అడుగుతారు. మొదటి పది ప్రశ్నలూ మాయమైతే పదకొండోది ఎవరిని అడగాలో తెలియదు. కాబట్టి ఏఐ వచ్చింది కనుక మెంటారింగ్ అవసరం తగ్గిందనుకోవడం తొందరపాటు. తనంతట తాను మొదలయ్యే పరిచయం ఇప్పుడు మొదలవదు కాబట్టి వారానికో గంట కేటాయించి కూర్చోవడం ఇదివరకటి కంటే ఎక్కువ అవసరం.

ఆ గంటను బిల్లింగ్ టార్గెట్ నుంచి తీసేయాలి. టైమ్‌షీట్‌లో దానికో కోడ్ ఉండాలి, స్ప్రింట్‌లో మెంటార్‌కు ఆ మేరకు టికెట్లు తగ్గాలి, అప్రైజల్‌లో అది డెలివరీతో పాటు కనిపించాలి. ఒక్కో మెంటార్‌కు ఒకరిద్దరు ఫ్రెషర్లకు మించి ఇవ్వకూడదు. 2022లో పెద్ద ఐటీ కంపెనీల్లో అట్రిషన్ (ఏడాదిలో ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల శాతం) 20 దాటినప్పుడు చాలా టీమ్‌లలో మెంటార్లే ఫ్రెషర్ల కంటే ముందు వెళ్లిపోయారు. అలాంటప్పుడు కొత్త మెంటార్ ఎవరో అదే వారంలో తేల్చే ఏర్పాటు కూడా కావాలి.

ఇది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ప్రస్తుతం వాడే సర్వేలు సరిపోవు. 'మీ బడ్డీతో మీరు సంతృప్తిగా ఉన్నారా?' అంటే అవతలి మనిషికి ఇబ్బంది అవుతుందని అందరూ ఐదుకి ఐదూ ఇచ్చేస్తారు. రాజీనామాల లెక్క కూడా తప్పుదోవ పట్టిస్తుంది. బాగా నేర్చుకున్న ఇంజినీరు రెండేళ్లకు మెంటార్ రిఫరెన్స్‌తోనే వేరే కంపెనీకి వెళ్లవచ్చు, ఏమీ నేర్చుకోనివాళ్లు బయట ఉద్యోగం రాక అక్కడే ఉండిపోవచ్చు. మొదటి మనిషి మొదటి కంపెనీని మంచిగానే తలుచుకుంటారు, రెండో మనిషి అసంతృప్తి ఏ లెక్కలోనూ కనిపించదు. అడగాల్సినవి నిజంగా జరిగిన సంగతులు. మీ కోడ్ మీద చివరిసారి ఎవరు కామెంట్ రాశారు, కారణం కూడా రాశారా? గత నెలలో ఎన్నిసార్లు మెంటార్‌తో విడిగా అరగంటైనా కూర్చున్నారు? ఏదైనా తెలియదని చివరిసారి ఎవరితో చెప్పారు? ఈ మూడింటినీ చేరిన ఆరో నెలలో ఒకసారి, ఏడాదిన్నరకు మరోసారి పేరు అక్కర్లేకుండా అడిగితే ఏ టీమ్‌లో మెంటారింగ్ జరుగుతోందో, ఏ టీమ్‌లో అది మెయిల్ దగ్గరే ఆగిపోయిందో మేనేజర్‌ను అడగకుండానే తెలుస్తుంది.